సముద్రగర్భపు బురదలో సూదంటురాళ్ళు

ఒక విద్యా సంవత్సరంలో బి.యస్సీ. రెండవ సంవత్సరపు విద్యార్థిని ఒకరు వ్యాసరచన పోటీకి వ్రాసి ఇచ్చిన కాగితాలను దిద్దుతూ ఉండగా ఒక వాక్యం దగ్గర మా కలం ఆగిపోయింది. "కొన్ని సూక్ష్మజీవులు తమ శరీరంలో సూదంటురాయిని తయారు చేసుకొంటాయి" అన్నది ఆ వాక్యం. మేము దానిని ఎర్ర సిరాతో కొట్టివేసి, ప్రక్కన ఒక ప్రశ్నార్థకం ఉంచి, రెండు మార్కులు తగ్గించాము. మరునాడు ఆమె స్టాఫ్ రూముకు వచ్చి, "సార్, ఇది భాషా దోషమా, విషయ దోషమా?" అని అడిగింది. "విషయ దోషమేనమ్మా, రాయి రాయే, ప్రాణి ప్రాణే" అని సమాధానమిచ్చాము. ఆమె వాదించలేదు. తాను చదివిన పుస్తకాన్ని మా బల్లమీద పెట్టి, "వీలైనప్పుడు ఒకసారి చూడండి సార్" అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆ పుస్తకం చదివాము. దోషం మాదే అని తేలింది.

మార్కులు తిరిగి చేర్చడం క్షణం పని. కాని తెలియని విషయాన్ని తెలిసినట్లు కొట్టివేసిన అపరాధానికి అది చాలదనిపించింది. అందువల్ల తరువాతి నెలలలో, విజ్ఞానశాస్త్ర విభాగంలోని సహోద్యోగుల సహాయంతో, ఆ ఒక్క వాక్యం వెనుక ఎంత కథ ఉన్నదో మాకు చేతనైనంత వరకు తెలుసుకొన్నాము. దానిని ఈ సంచిక పాఠకుల ముందు ఉంచుతున్నాము. మేము భాష బోధించేవారమే గాని విజ్ఞానశాస్త్రవేత్తలము కాము. ఈ విషయాన్ని మనస్సులో ఉంచుకొనియే దీనిని చదువవలసిందిగా కోరుతున్నాము.

సూదంటురాయి అనగా ఏమి?

సూదిని అంటుకొనే రాయి గనుక తెలుగువారు దానికి సూదంటురాయి అని పేరు పెట్టారు. ఉర్దూలో దీనిని మఖ్నాతీస్ అంటారు. ఆ మాట గ్రీకు నుండి అరబ్బీలోనికి, అరబ్బీ నుండి ఉర్దూలోనికి వచ్చింది. దిక్సూచికి ఉర్దూలో కుతుబ్‌నుమా అని పేరు. ధ్రువనక్షత్రాన్ని చూపేది అని దాని అర్థం. మా నానాగారు ప్రయాణాలలో నమాజు వేళకు దిక్కు తెలియడం కోసం గాజుమూత గల చిన్న ఇత్తడి కుతుబ్‌నుమాను జేబులో ఉంచుకొనేవారు. బాల్యంలో మేము దానిని ఎన్ని విధాల త్రిప్పినా ముల్లు మాత్రం తన దిక్కు వదలకపోవడం చూచి ఆశ్చర్యపడేవారము.

ఈ రాయిని శాస్త్రజ్ఞులు మాగ్నటైట్ అంటారు. మూడు ఇనుము పరమాణువులకు నాలుగు ఆక్సిజన్ పరమాణువుల చొప్పున కూడిన ఖనిజమిది. అగ్నిపర్వతాల నుండి వెలువడిన శిలాద్రవం చల్లబడేటప్పుడు ఇది స్ఫటికరూపం పొందుతుంది. మన దక్కను పీఠభూమిలోని నల్లరాతిలో ఈ జాతి ఖనిజం ఉన్నది. దానిలో టైటానియం అనే లోహం కూడా కలసి ఉంటుంది. ఈ టైటానియం సంగతి గుర్తుంచుకోవలెను. ముందు దానితో పనిబడుతుంది.

రెండు పర్యాయములు కనుగొనబడిన సత్యం

ఇటలీ దేశంలోని పావియా విశ్వవిద్యాలయంలో సాల్వతోరే బెల్లీని అనే సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు నీటిబొట్లను సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తుండగా, కొన్ని సూక్ష్మజీవులు ఎల్లప్పుడూ ఉత్తర దిశకే ఈదిపోవడం గమనించాడు. వాటి దేహంలో ఏదో అంతర్గతమైన దిక్సూచి ఉండి ఉండవలెనని ఊహించాడు. 1963లో ఆ సంగతి ఇటాలియన్ భాషలో వ్రాశాడు. కాని ఆ రచన ప్రపంచ విద్వాంసుల దృష్టికి రాలేదు. దాని ఆంగ్లానువాదం 2009లో గాని అచ్చు కాలేదు.

ఈలోగా అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు పరిశోధక విద్యార్థి రిచర్డ్ బ్లేక్‌మోర్, బెల్లీని రచనతో సంబంధం లేకుండా, అదే వింతను చూచాడు. అతడు ఉడ్స్ హోల్ ప్రాంతపు ఉప్పు చిత్తడి నేలలలోని బురదను పరిశీలిస్తున్నాడు. బొట్టులోని కొన్ని సూక్ష్మజీవులు ఒకే అంచున గుమికూడుతున్నవి. వెలుతురు కోసం వెళుతున్నవేమో అని మొదట అనుమానం కలగడం సహజం. సూక్ష్మదర్శినిని త్రిప్పి చూచినా, వేరొక చోటికి మార్చినా, అట్టపెట్టెతో కప్పినా వాటి దిక్కు మారలేదు. చివరకు ఒక అయస్కాంతాన్ని దగ్గరకు తేగానే అవి గిరుక్కున తిరిగాయి. 1975లో 'సైన్స్' పత్రికలో ఆ వ్యాసం వెలువడింది. ఆ జీవుల దేహంలోని నల్లని రేణువులు మాగ్నటైటే అని 1979లో రుజువయింది.

విద్యార్థులు ఇక్కడ రెండు సంగతులు గమనింపదగును. మొదటిది: బ్లేక్‌మోర్ ఆనాటికి ఆచార్యుడు కాదు, విద్యార్థి మాత్రమే. తనకు తోచిన కారణాలను ఒక్కొక్కటిగా పరీక్షించి త్రోసివేసి, మిగిలినదానిని స్వీకరించడమే అతని ప్రజ్ఞ. రెండవది: చూచినవాడు వ్రాసినంత మాత్రాన విద్య లోకానికి అందదు. చేరవలసిన వారికి చేరే భాషలో, చేరే త్రోవలో అది ప్రయాణించవలెను. బెల్లీని ముందుగా చూచాడు. కాని అతని మాటకు త్రోవ దొరకడానికి నలువది ఆరు సంవత్సరాలు పట్టింది.

దేహంలోని దిక్సూచి

ఈ సూక్ష్మజీవుల లోపల పలుచని పొరతో చేసిన చిన్నచిన్న సంచుల వంటివి ఉంటాయి. ఒక్కొక్క సంచిలో ఒక్కొక్క మాగ్నటైట్ స్ఫటికం పెరుగుతుంది. పొరతో కూడిన ఈ స్ఫటికాన్ని మాగ్నెటోసోమ్ అంటారు. సాధారణంగా ఇవి పది, ఇరువది చొప్పున పూసలదండ వలె వరుసగా కూర్చబడి ఉంటాయి. ఆ దండ మొత్తం ఒక దిక్సూచి ముల్లువలె పనిచేస్తుంది.

స్ఫటికాల పరిమాణంలో ఉన్న నేర్పు చెప్పదగినది. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఈ స్ఫటికాలు ఇంచుమించు 35 నుండి 120 నానోమీటర్ల వరకు ఉంటాయి. సుమారు 30 నానోమీటర్ల కంటె చిన్నదైతే సామాన్యమైన ఉష్ణోగ్రత వల్ల కలిగే కంపనానికే దాని అయస్కాంత దిశ చెదిరిపోతుంది. మరీ పెద్దదైతే స్ఫటికం లోపలనే వేర్వేరు దిశల మండలాలు ఏర్పడి ఒకదానినొకటి తగ్గించుకొంటాయి. ఈ రెండింటి నడుమ, స్ఫటికమంతా ఒకే దిశతో నిలిచే కొలతనే ఆ జీవి ఎంచుకొన్నది.

ఇంత ప్రయాస దేనికి? ఈ జీవులకు ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నా పనికిరాదు, కొన్నిటికి పూర్తిగా లేకున్నా పనికిరాదు. బురద పైభాగంలో గాని, నీటిలో గాని, ఆక్సిజన్ సన్నగిల్లిపోయే ఒక సన్నని పొర ఉంటుంది. అదే వాటి నివాసం. భూమి అయస్కాంత రేఖలు ధ్రువాల వైపు పోయేకొలది నేలలోనికి వాలి ఉంటాయి. ఉత్తరార్ధగోళంలో ఉత్తరానికి పోవడమంటే క్రిందికి దిగడమే. దక్షిణార్ధగోళంలో దక్షిణానికి పోవడం క్రిందికి దిగడం. న్యూజిలాండ్, టాస్మానియాలలోని ఇట్టి జీవులు దక్షిణానికే ఈదుతున్నవని 1980లో ప్రకటించారు. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గరగా ఉన్న బ్రెజిల్ ప్రాంతంలో రెండు దిక్కులకు పోయేవీ కలసి కనిపించాయి. ఎనిమిది దిక్కులలో వెదకుకొనే శ్రమ తగ్గి, పైకా, క్రిందికా అన్న ఒక్క ప్రశ్న మాత్రమే మిగలడం ఈ దిక్సూచి వల్ల కలిగే లాభం.

మరికొన్ని సూక్ష్మజీవులు ఇనుముతో ఆక్సిజన్‌కు బదులు గంధకాన్ని కలిపి గ్రీగైట్ అనే అయస్కాంత ఖనిజాన్ని తయారు చేస్తాయి. గంధకపు వాయువు గల నీళ్ళలో నివసించే జీవులలో ఇది ఉన్నదని 1990లో తెలిసింది.

తెలిసి చేసేవి, తెలియక చేసేవి

సూక్ష్మజీవుల వల్ల ఖనిజం పుట్టడంలో రెండు మార్గాలున్నవి. పైన చెప్పినది మొదటి మార్గం. అక్కడ స్ఫటికపు ఆకారం, పరిమాణం, వరుస అన్నీ జీవి అదుపులో ఉంటాయి. రెండవ మార్గంలో జీవికి ఖనిజంతో పని లేదు. అది ఊపిరి పీల్చుకొనే పద్ధతిలో ఖనిజం బయట పేరుకొనిపోతుంది. పోటోమాక్ నది బురద నుండి వేరుచేసిన ఒక సూక్ష్మజీవి, ఆక్సిజన్ లేని చోట తుప్పు వంటి ఇనుప పదార్థాన్ని శ్వాసకు వినియోగించుకొని, తన దేహానికి వెలుపల సన్నని మాగ్నటైట్ పొడిని విడుస్తున్నదని 1987లో ప్రకటించారు. ఈ జాతిని నేడు జియోబాక్టర్ అంటారు.

మొదటిది కంసాలి మలచిన పూస వంటిది. రెండవది ఆకురాయి క్రింద రాలిన రజను వంటిది. రెండూ లోహమే అయినా, చూపెరిగినవాడు వేరుపరుస్తాడు.

బురద అంతస్తులు

సముద్రంలో చచ్చిన జీవజాలం, నదులు తెచ్చిన ఆకు అలము, ఒండ్రు అన్నీ నెమ్మదిగా అడుగుకు చేరుతాయి. సేంద్రియ పదార్థం సమృద్ధిగా ఉన్న బురదలో సూక్ష్మజీవులు దానిని తింటూ ఉంటాయి. తినడానికి శ్వాస కావలెను. అందుచేత ముందుగా ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి. అది అయిపోగానే నైట్రేట్, ఆ తరువాత మాంగనీస్, ఆ తరువాత ఇనుము, ఆ క్రింద సముద్రజలంలోని సల్ఫేట్, అన్నిటికంటె క్రింద మీథేన్ వాయువు పుట్టే అంతస్తు. ఇది మధ్యతరగతి ఇంట్లో సరుకులు వాడే క్రమం వంటిది. మంచి బియ్యం ఉన్నంతవరకు నూకల జోలికి పోరు గదా!

ఆక్సిజన్ సన్నగిల్లే పై అంతస్తులలో మన దిక్సూచి జీవులు బ్రతికి, మరణించి, తమ మాగ్నటైట్ దండలను బురదకు అప్పగిస్తాయి. కాలిఫోర్నియా తీరంలోని సాంటా బార్బరా అఖాతపు బురదలో బ్రతికి ఉన్న ఇట్టి జీవులను, అవి వదలిన స్ఫటికాలను కూడ 1986లో చూపించారు. అదే సంవత్సరం దక్షిణ అట్లాంటిక్ లోతులలోని ప్రాచీన అవక్షేపాలలో వీటి శిలాజాలు ఉన్నవని మరొక బృందం ప్రకటించింది. వీటిని మనము అయస్కాంత శిలాజాలు అనవచ్చును.

ఇవి అగ్నిపర్వతపు రేణువులు కావని ఎట్లు తెలుస్తుంది? ఇక్కడనే టైటానియం పనికి వస్తుంది. నల్లరాతి నుండి అరిగి వచ్చిన రేణువులలో టైటానియం ఉంటుంది. పరిమాణాలు నానా విధాలు. జీవి చేసిన స్ఫటికం ఇంచుమించు స్వచ్ఛమైన మాగ్నటైట్. కొలతలు ఒక ఇరుకైన హద్దులో ఉంటాయి. ఆకారాలు తుపాకిగుండు, పట్టకం వంటివి. అదృష్టవశాత్తు దండ చెదరకుండ ఉంటే సందేహానికే తావు లేదు.

చెదలు తిన్న తాళపత్రం

ఇంతకూ ఈ సూక్ష్మరేణువుల వల్ల మానవునికి ఏమి ప్రయోజనం అని అడుగవచ్చును. భూమి అయస్కాంత దిశ శాశ్వతం కాదు. నేటికి వ్యతిరేకమైన దిశలో అయస్కాంతత్వం పొందిన శిలలను ఫ్రాన్సులో బ్రూన్ 1906లో ప్రకటించాడు. జపాన్‌లో మతుయామ 1929లో, ప్రాచీన కాలంలో భూమి ధ్రువాలే తారుమారై ఉండెనని వాదించాడు. చివరి తారుమారు సుమారు ఏడు లక్షల డెబ్బదివేల సంవత్సరాల క్రిందట జరిగినది. సముద్రపు బురద పొరలు పొరలుగా పేరుకొనేటప్పుడు అందులోని అయస్కాంత రేణువులు ఆనాటి దిశను పట్టి ఉంచుతాయి. గొట్టంతో ఆ పొరలను తీసి చదివితే భూమి చరిత్ర తెలుస్తుంది. ఒకే దిశతో నిలిచే సూక్ష్మజీవుల స్ఫటికాలు ఈ చరిత్రకు నమ్మకమైన లేఖకులు.

అయితే ఆ వ్రాత అంతా భద్రంగా ఉండదు. సల్ఫేట్‌ను వాడే అంతస్తులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన దీనిదే. ఇది మాగ్నటైట్‌ను కరగించి, ఆ ఇనుమును చివరకు పైరైట్ అనే ఖనిజంగా మారుస్తుంది. పైరైట్ బంగారంలాగ మెరుస్తుంది గాని సూదిని అంటదు. సన్నని రేణువులే ముందుగా కరగిపోతాయి. అనగా మన లేఖకుల వ్రాతకే ముందు ముప్పు. ఒరెగాన్ తీరంలోను, కాలిఫోర్నియా సింధుశాఖలోను లోతు పెరిగేకొలది బురద అయస్కాంత తీవ్రత ఎంతగానో తగ్గిపోతున్నదని 1983లో చూపించారు. సేంద్రియ పదార్థం ఎక్కువైన చోట ఈ చెదలు మరింత ఎక్కువ. ఏ ఆహారం ఆ జీవులకు ప్రాణమో, అదే మితిమీరితే వాటి గుర్తులను తుడిచివేస్తున్నది.

ఇంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. ఇనుము పూర్తిగా పైరైట్‌గా మారక నడుమ ఆగిపోయిన చోట గ్రీగైట్ పెరుగుతుంది. ఇది జీవి దేహంలో గాక, బురదలోనే, పొర ఏర్పడిన ఎంతో కాలానికి పుట్టవచ్చును. అప్పుడు అది పుట్టిననాటి అయస్కాంత దిశను చూపుతుందే గాని, పొర ఏర్పడిననాటి దిశను కాదు. చదివేవాడు పొరపడితే చరిత్రే తప్పుతుంది.

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఇది క్రొత్త సమస్య కాదు. తాళపత్ర ప్రతిలో చెదలు తిన్న అక్షరాలను గ్రంథపాతం అంటాము. తరువాతివారెవరో చేర్చిన పద్యాన్ని ప్రక్షిప్తం అంటాము. పాతం కనబడుతుంది గనుక పండితుడు జాగ్రత్తపడతాడు. ప్రక్షిప్తం మూలంలాగే కనబడుతుంది గనుక మోసపోతాడు. అందుకే సి.పి. బ్రౌన్ వంటివారు ఒకే గ్రంథానికి పెక్కు ప్రతులు తెప్పించి పోల్చి చూచారు. సముద్రపు బురదను చదివేవారు కూడ అంతే చేస్తారు. ఒక్క కొలతను నమ్మరు. తీవ్రతను కొలుస్తారు, వేడిచేసి చూస్తారు, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో స్ఫటికాల ఆకారం పరిశీలిస్తారు, ఒక చోటి పొరను మరొక చోటి పొరతో పోలుస్తారు.

మన నదులు, మన సముద్రం

ఈ కథలో మన ప్రాంతానికి కూడ పాలు ఉన్నది. గోదావరి, కృష్ణలు దక్కను నల్లరాతి మట్టిని, దానితోపాటు టైటానియం కలసిన అయస్కాంత రేణువులను మోసుకొనిపోయి బంగాళాఖాతంలో చేరుస్తున్నవి. 2006లో జరిగిన జాతీయ అన్వేషణలో కృష్ణా గోదావరీ తీరపు సముద్రగర్భంలో మీథేన్ వాయువు మంచువలె గడ్డకట్టి ఉన్న నిక్షేపాలు బయటపడ్డాయి. మీథేన్ పైకి ఎగసి సల్ఫేట్‌తో కలిసిన చోట గంధకపు వాయువు పుట్టి, మాగ్నటైట్ కరగి, పైరైట్, గ్రీగైట్ ఏర్పడుతున్నవి. 1966లో స్థాపితమైన, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ బురద అయస్కాంత గుణాలను పరిశీలించి, ఒకనాడు మీథేన్ ఏ లోతులో పైకి వచ్చినదో గుర్తుపట్టే ప్రయత్నం చేస్తున్నారు. ప్రక్షిప్తాన్ని మూలమని భ్రమపడితే తప్పు. ప్రక్షిప్తమని గుర్తిస్తే అదీ ఒక చరిత్రే గదా!

మరొక విశేషం. సాధారణ స్ఫటికాల కంటె ఎన్నో రెట్లు పెద్దవైన, ఈటెమొన వంటి ఆకారం గల అయస్కాంత శిలాజాలు అమెరికాలోని న్యూజెర్సీ ప్రాంతపు అవక్షేపాలలో దొరికినవని 2008లో ప్రకటించారు. అవి సుమారు 5 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందట, భూమి మిక్కిలి వేడెక్కిన కాలానికి చెందినవి. అట్టి భారీ శిలాజాలు బంగాళాఖాతపు నైరుతి భాగంలో, కేవలం సుమారు 50 వేల సంవత్సరాల వయస్సు గల బురదలో కూడ ఉన్నవని 2024లో భారతీయ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. వర్షకాలపు నదులు తెచ్చిన ఇనుము, సేంద్రియ పదార్థం, ఆక్సిజన్ తక్కువైన నీరు, ఇవన్నీ కలసివచ్చి ఆ జీవులకు అనుకూలించినవని వారి అభిప్రాయం. ఆ ఈటెమొనలను మలచిన జీవి ఏదో ఇప్పటికీ ఎవరూ ప్రాణంతో చూడలేదు.

ఉపసంహారం

మేము విద్యార్థిదశలో విజ్ఞానశాస్త్రం చదువగోరి, ఆంగ్లంలో సాగే పాఠాలు అంతుపట్టక, ఒక నెల తరువాత ఆ తరగతి విడిచి వచ్చినవారము. నేటికీ మన కళాశాలలో ఉర్దూ మాధ్యమం నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థులు మొదటి సంవత్సరంలో ప్రయోగశాల ద్వారం దగ్గర తటపటాయించడం చూస్తున్నాము. వారికి బుద్ధి కొరవడలేదు. త్రోవ కొరవడింది. సూదంటురాయి అన్నా, మఖ్నాతీస్ అన్నా, మాగ్నటైట్ అన్నా ముల్లు చూపే దిక్కు ఒక్కటే. ఈ మూడు మాటలనూ ఒక్కచోట చేర్చి బోధించే చిన్న పుస్తకాలు గ్రంథాలయంలో ఉంటే కొందరైనా వెనుకకు మరలరు. కళాశాల కమిటీ పెద్దలు ఈ విషయం ఆలోచింపవలసిందిగా సవినయంగా మనవి చేస్తున్నాము.

విద్యార్థులారా! మీరు వ్రాసినది అధ్యాపకుడు కొట్టివేసినంత మాత్రాన అది అసత్యం కాదు. అట్లని అతనితో కలహించనక్కరలేదు. ఆధారం తెచ్చి బల్లమీద పెట్టండి. అతడు చదువుతాడు. ఆనాడు మేము తగ్గించిన రెండు మార్కులను తిరిగి చేర్చాము. ఎర్ర సిరా గీత మాత్రం ఆ కాగితంమీద అట్లే ఉన్నది. దానిని చెరిపివేయవద్దని మేమే ఆ విద్యార్థినితో చెప్పాము.